బిడ్డను చేర్పించే ముందు పంతులు జీతమెంతో అడగండి

ఏటా వేసవి వచ్చిందంటే మా పొదుపు, పరపతి సహకార సంఘం కార్యాలయంలో అప్పు దరఖాస్తుల కట్ట పెరుగుతుంది. ఆ దరఖాస్తు ఫారంలో "అప్పు ఏ అవసరం కొరకు" అన్న గడి ఒకటి ఉన్నది. ముప్పై ఏళ్ళకు పూర్వం మేము సంఘం పనిలో ప్రవేశించిన తొలి రోజులలో ఆ గడిలో ఆడపిల్ల పెండ్లి అనో, ఇంటి పైకప్పు అనో, తల్లి కంటి ఆపరేషను అనో వ్రాసి ఉండేది. ఇప్పుడు ఫారం వెంట ఫారం తిరగవేసినా కనిపించేది ఒకే మాట: పిల్లల స్కూలు ఫీజు. తండ్రి వ్రాసిన ఆ మాట క్రింద మేము సంతకం చేస్తున్నాము. జామీనుదారులు ఇద్దరున్నారా, పాత బాకీ ఎంత, జీతంలో కోత పోగా చేతికి ఎంత మిగులుతుంది అని విచారిస్తున్నాము. ఏ బడి, ఎటువంటి బడి అని మాత్రం ఏనాడూ అడగలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ అడగకపోవడమే.

కొన్నేళ్ళ క్రిందట ఒక డిపో మెకానిక్కు తన కుమార్తె హైస్కూలు చదువు కొరకు సంఘంలో అప్పు తీసుకొన్నాడు. ఊరిలో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మాధ్యమం బడి, నాలుగంతస్తుల మేడ, రంగురంగుల బోర్డు. ఆరవ తరగతి మొదలు పది దాకా ఆ పిల్ల అక్కడే చదివింది. పదవ తరగతి పరీక్షకు హాల్ టిక్కెట్టు వచ్చినప్పుడు చూచుకొంటే దానిపై ఉన్న పేరు వేరొక బడిది. విచారించగా తేలినదేమంటే, ఈ బడికి ఏడవ తరగతి వరకే గుర్తింపు ఉన్నది. పై తరగతుల పిల్లలందరి పేర్లూ యాజమాన్యానికి పరిచయమున్న మరో బడి నామినల్ రోలులో చేర్చి పరీక్షకు పంపుతున్నారు. పిల్ల మంచి మార్కులతోనే ఉత్తీర్ణురాలైనది. కాని తరువాత స్థానికత నిరూపణకు స్టడీ సర్టిఫికెట్లు కావలసి వచ్చినప్పుడు, చదివిన బడి ఇవ్వలేనన్నది, పేరున్న బడి ఇవ్వనన్నది. ఆ తండ్రి రెండు నెలలపాటు సెలవు పెట్టుకొని విద్యాశాఖ కార్యాలయం నుంచి తహసీల్దారు కార్యాలయానికి, అక్కడి నుంచి ఇక్కడికి తిరిగాడు. ఆ అప్పు మంజూరు కాగితంపై సంతకం మాదే. ఆ సంతకం చేసిన చేయి ఒక్క ప్రశ్న కూడ వేయలేదన్న సంగతి మమ్ములను ఇప్పటికీ బాధిస్తున్నది.

తీర్మానాలలో ఒక మాట, బడి గేటు వద్ద మరొక మాట

మన మహాసభలలో విద్యపై తీర్మానం ఆమోదించని సంవత్సరం లేదు. విద్యను వ్యాపారం చేయరాదు, ప్రభుత్వ పాఠశాలలను బలపరచాలి, అందరికీ ఒకే తరహా బడి కావాలి అని చేతులెత్తి ఆమోదిస్తాము. సోమవారం ఉదయం అదే చేతులతో ప్రైవేటు హైస్కూలు గేటు వద్ద దరఖాస్తు ఫారం కొనుక్కొంటాము. ఇందులో నాయకులకు, సభ్యులకు తేడా లేదు. దీనిని ఎత్తిపొడుపుగా చెప్పడం లేదు. ఈ వైరుధ్యాన్ని దాచిపెట్టి వ్రాసే వ్యాసం కార్మికులకు ఉపయోగపడదు గనుక ముందే ఒప్పుకొంటున్నాము.

కార్మికుడు తన బిడ్డను ప్రైవేటు బడికి పంపడానికి బలమైన కారణాలే ఉన్నవి. అనేక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో గణితానికో, భౌతిక శాస్త్రానికో ఉపాధ్యాయుని ఖాళీ ఏళ్ళ తరబడి నిండదు. ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం రాదన్న భయం ఉన్నది. అన్నిటికంటె పెద్ద కారణం మన కార్ఖానాలలోనే ఉన్నది. తండ్రి పర్మనెంటు కార్మికునిగా చేరిన చోట నేడు కాంట్రాక్టు కార్మికుడు సగం జీతానికి, సగానికి తక్కువ భద్రతకు పని చేస్తున్నాడు. తన బిడ్డకు ఆ గతి పట్టరాదంటే చదువొక్కటే మార్గమని ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ తలపోస్తున్నారు. కాంట్రాక్టు పద్ధతి పెరిగిన కొద్దీ ఫీజుల బడులు పెరగడం యాదృచ్ఛికం కాదు. మన భయమే వారి పెట్టుబడి.

హైస్కూలు దగ్గరే తెగిన దారం

1964లో నియమితమైన కొఠారి కమిషన్ 1966లో నివేదిక సమర్పించింది. దేశమంతటా ఉమ్మడి పాఠశాల విధానం ఉండాలని, విద్యపై వ్యయం జాతీయాదాయంలో నూటికి 6 వంతులకు చేరాలని చెప్పినది ఆ నివేదికయే. ఆ తరువాత 1968లో, 1986లో, 2020లో మూడు జాతీయ విద్యా విధానాలు వచ్చినవి. ఆరు వంతుల మాట ప్రతిసారీ వల్లించబడుతూనే ఉన్నది, లక్ష్యం మాత్రం లక్ష్యంగానే మిగిలి ఉన్నది. తెలుగునాట 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైనది. పేద ఇంటి పిల్లవానికి మంచి ఉపాధ్యాయుని, కడుపునిండా అన్నాన్ని, చదువుకొనే చోటును ప్రభుత్వమే ఇస్తే ఏమి జరుగుతుందో ఆ బడి, దాని దారిలో నడిచిన ఇతర గురుకులాలు నిరూపించినవి. చేతగాక కాదు, చేయవలసినంత చేయక మన బడులు వెనుకబడినవి.

2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 6 నుంచి 14 ఏళ్ళ బాలబాలికలకు విద్య ప్రాథమిక హక్కయినది. 2009లో విద్యాహక్కు చట్టం చేయబడి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చినది. ప్రభుత్వ సహాయం పొందని ప్రైవేటు బడులు సైతం ప్రవేశ తరగతిలో కనీసం నూటికి 25 సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టం చెప్పినది. 2012లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించినది. అన్ని రాష్ట్రాలూ ఒకే శ్రద్ధతో దీనిని అమలు చేయలేదు. అది వేరు విషయం.

ఇక్కడ కార్మికులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఈ హక్కు ఎనిమిదవ తరగతితో ముగుస్తుంది. తొమ్మిది, పది తరగతులకు అది వర్తించదు. ఉచిత సీటులో చేరిన పిల్లవాడు ఎనిమిది పూర్తి చేసి తొమ్మిదిలో అడుగు పెట్టిన రోజున అతని తండ్రి చేతికి ఫీజు చీటీ రావచ్చును. ఏ తరగతులలో ఖర్చు అధికమో, ఏ పరీక్షపై బిడ్డ భవిష్యత్తు ఆధారపడి ఉన్నదో సరిగ్గా అక్కడే చట్టం చేయి విడిచినది. హైస్కూలు ఎన్నిక కార్మిక కుటుంబానికి ఇంత భారమైన సమస్య కావడానికి ఇది ముఖ్య కారణము.

బోర్డు చూచి కాదు, కాగితం చూచి

ప్రైవేటు బడిలోనే చేర్పించాలని నిశ్చయించుకొన్న సోదర సోదరీమణులను మేము నిందించము. కళ్ళు తెరచుకొని చేర్పించమని మాత్రమే కోరుతున్నాము. ఒక కుర్చీ కొనేటప్పుడు కాలు ఊగుతున్నదేమోనని చూచే మనము, ఐదేళ్ళ జీవితాన్ని అప్పగించేటప్పుడు అంతకంటె ఎక్కువగా చూడవలసి ఉన్నది.

మొదట గుర్తింపు. గుర్తింపు ఉత్తర్వును చూపమని అడగండి. అది ఏ తరగతి వరకు, ఏ మాధ్యమానికి, ఏ సంవత్సరం దాకా ఉన్నదో చదవండి. ఉత్తర్వులోని చిరునామా, మీరు నిలబడి ఉన్న మేడ చిరునామా ఒకటేనా చూడండి. ఒక గుర్తింపుపై రెండు మూడు శాఖలు నడిపే యాజమాన్యాలు ఉన్నవి. కేంద్ర బోర్డు అని చెప్పినచో అనుబంధ సంఖ్యను అడిగి ఆ బోర్డు జాబితాతో సరిచూడండి. "త్వరలో రాబోతున్నది" అన్న సమాధానాన్ని లేదన్న సమాధానంగానే లెక్కించండి. గుర్తింపు లేకుండ బడి నడపడం విద్యాహక్కు చట్టం క్రింద లక్ష రూపాయల దాకా జరిమానాకు గురికాదగిన నేరం. అయినను ఆ జరిమానా యాజమాన్యానిది, నష్టం బిడ్డది.

రెండవది ఫీజు. ఈ ఏటి ఫీజును మాత్రమే కాదు, పదవ తరగతి దాకా మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టండి. ఉదాహరణకు ఏడాదికి ఫీజు 40,000 రూపాయలు, పుస్తకాలు, దుస్తులు, బూట్లు, బస్సు కలిపి మరో 20,000 రూపాయలు అనుకొందాము. ఏటా నూటికి పది చొప్పున పెరిగినచో ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళలో ఒక్క బిడ్డకు 3,66,000 రూపాయలు దాటుతుంది. నెలకు 25,000 రూపాయలు చేతికి వచ్చే కార్మికునికి అది పద్నాలుగు నెలల జీతానికి మించిన సొమ్ము. ఇద్దరు పిల్లలైతే ఎంతవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఈ లెక్కను జీతం చీటీ వెనుక వేసుకొని చూచిన తరువాతనే గేటు లోపలికి అడుగు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బడికి పంపే తల్లుల ఖాతాలో ప్రభుత్వం వేస్తూ వచ్చిన సొమ్ము ప్రైవేటు బడుల పిల్లల తల్లులకు కూడ అందినది. కాని ఆ సొమ్మును నమ్ముకొని ఫీజు ఒప్పుకొనరాదు. పథకాల పేర్లు, నిబంధనలు ప్రభుత్వాలతోపాటు మారుతాయి, ఫీజు మాత్రం తగ్గదు.

ప్రతి పైసకూ రసీదు తీసుకొనండి. డొనేషను అనో, అభివృద్ధి నిధి అనో రసీదు లేకుండ అడిగినచో అది చట్ట విరుద్ధమని చెప్పండి. ప్రవేశానికి విరాళం పుచ్చుకొన్నచో దానికి పది రెట్ల దాకా జరిమానా ఉన్నది. పిల్లవానికో, తల్లిదండ్రులకో పరీక్ష పెట్టి ఎన్నుకొనడం కూడ ఆ చట్టం పరిధిలోని తరగతులలో నిషిద్ధమే. విద్యాసంస్థలు సహేతుకమైన మిగులు చూచుకొనవచ్చును గాని లాభాపేక్షతో నడుపరాదని, క్యాపిటేషను వసూలు చేయరాదని 2002లో టి.ఎం.ఏ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం చెప్పినది.

మూడవది భద్రత. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడి పూరి కప్పుకు నిప్పంటుకొని 94 మంది పసిపిల్లలు మరణించారు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతుండగా బడి బస్సును రైలు ఢీకొని ఎన్నో ఇండ్లలో దీపాలు ఆరిపోయినవి. ఇవి దైవికములు కావు. మెట్లు ఎన్ని ఉన్నవి, రెండవ దారి ఉన్నదా, కిటికీలకు ఊచలు, గ్రిల్లులు బిగించి బయటపడే వీలు లేకుండ చేసినారా, అగ్నిమాపక శాఖ అనుమతి ఉన్నదా అని అడగడం తండ్రి హక్కు. బస్సుకు ఫిట్‌నెస్ ఉన్నదా, డ్రైవరు ఎన్ని గంటలు పని చేస్తున్నాడు, క్లీనరు ఉన్నాడా అని చూడడం రవాణా కార్మికులకు నేర్పనక్కరలేదు. మరుగుదొడ్లను స్వయంగా చూడండి. ఆడపిల్ల నీళ్ళు త్రాగడం మానివేసి సాయంత్రం దాకా బిగపట్టుకొని కూర్చునే బడి ఎన్ని ర్యాంకులు తెచ్చినా మనకు వద్దు.

నాలుగవది ఫలితాలు. పత్రికలలో పూర్తి పేజీ ప్రకటనలో ఫోటోలు చూచి మోసపోకండి. ఇన్ని ఊళ్ళలోని అన్ని శాఖల పిల్లల ఫోటోలు అక్కడ ఒకచోట పేర్చి ఉంటాయి. మీరు అడగవలసిన ప్రశ్న వేరు. ఈ శాఖలో, ఈ మేడలో, ఆరవ తరగతిలో ఎందరు చేరారు, వారిలో ఎందరు పదవ తరగతి పరీక్ష వ్రాశారు? నడుమ తప్పుకొన్న వారు ఎక్కడికి పోయారు? మార్కులు రాని పిల్లలకు తొమ్మిదవ తరగతిలో టి.సి. ఇచ్చి పంపివేసి నూటికి నూరు ఉత్తీర్ణత అని చాటుకొనే బడులు ఉన్నవి. ఒలింపియాడ్, టెక్నో, ఫౌండేషన్ అని తరగతికి ఎన్ని పేర్లు పెట్టినా పాఠ్యపుస్తకం ముందు పూర్తి కావాలి, ఆటకు గంట ఉండాలి, నిద్రకు వేళ ఉండాలి. ఎనిమిది గంటల పనిదినం కొరకు తరాల తరబడి పోరాడిన కార్మిక వర్గం తన పన్నెండేళ్ళ బిడ్డను పన్నెండు గంటల బడికి అప్పగించడం ఎంత విచిత్రమో ఒక్క క్షణం ఆలోచించండి. కొట్టడమూ, మానసికంగా వేధించడమూ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన పనులు. ఫీజు కట్టలేదని పిల్లవానిని తరగతి బయట నిలబెట్టడం కూడ వేధింపేనని మేము భావిస్తున్నాము.

అసలైన ప్రశ్న

పై ప్రశ్నలన్నిటికీ మించిన ప్రశ్న ఒకటున్నది. దానిని అడిగే తండ్రిని మేము ఇంతవరకు చూడలేదు. "మీ ఉపాధ్యాయులకు జీతమెంత ఇస్తున్నారు?"

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1994లో జారీ చేసిన ఒకటవ నంబరు జీ.వో. ప్రైవేటు బడుల ఫీజు రాబడిలో సగభాగం సిబ్బంది జీతాలకు వెచ్చించాలని, యాజమాన్యానికి నూటికి 5 వంతులు మాత్రమే చెందాలని నిర్దేశించినది. ఈ లెక్కను ఒక తరగతి గదికి వర్తింపజేసి చూద్దాము. 35 మంది పిల్లలు, తలకు 40,000 రూపాయల ఫీజు అంటే ఏడాదికి 14,00,000 రూపాయలు. అందులో సగం 7,00,000. గుమాస్తాకు, ఆయాకు, కాపలాదారుకు ఆ గది వాటాగా లక్షన్నర తీసివేసినా 5,50,000 మిగులుతుంది. ఒక్కొక్క సెక్షనుకు ఒకటిన్నర ఉపాధ్యాయుడు అనుకొన్నచో నెలకు ఒక్కొక్కరికి ముప్పై వేలు పడుతుంది. మన పేటలలోని బడులలో బి.ఎడ్. చదివిన యువతీ యువకులు పన్నెండు వేలకో, పదిహేను వేలకో పని చేస్తున్నామని మాతో చెప్పుకొంటున్నారు. వేసవి రెండు నెలలు జీతం లేదు. ఆ రెండు నెలలు ఇల్లిల్లూ తిరిగి అడ్మిషన్లు పట్టుకురావాలి. మిగిలిన సొమ్ము ఎక్కడికి పోయినదో మీరే ఆలోచించండి. అది పూర్తి పేజీ ప్రకటనలోకి పోయినది, మరో ఊరిలో మరో మేడలోకి పోయినది.

ఇది ఉపాధ్యాయుల కష్టసుఖాల ప్రశ్న మాత్రమే కాదు, బిడ్డ చదువు ప్రశ్న కూడ. జీతం చాలని పంతులు ఏడాది తిరగక ముందే మరో బడికి వెడతాడు. ఆరవ తరగతిలో లెక్కలు చెప్పినవాడు ఏడులో ఉండడు. ఉన్నవాడు సాయంత్రం ట్యూషన్లు చెప్పి, రాత్రి బరువెక్కిన కళ్ళతో నోటుపుస్తకాలు దిద్దుతాడు. తన హక్కు కొరకు నోరెత్తలేని ఉపాధ్యాయుడు పిల్లవానికి ప్రశ్నించడం ఎట్లా నేర్పగలడు? కనుక మేము అనుభవంతో చెప్పే కొలబద్ద ఇది: ఉపాధ్యాయులు ఐదేళ్ళకు పైబడి నిలిచి ఉన్న బడి, పన్నెండు నెలల జీతం బ్యాంకు ద్వారా ఇచ్చే బడి, ప్రావిడెంట్ ఫండ్ కట్టే బడి సాధారణంగా మంచి బడియే అయి ఉంటుంది. మేడ ఎంత ఎత్తున్నా ఈ మూడూ లేని బడి నమ్మదగినది కాదు.

ఈ ఉపాధ్యాయుల న్యాయ పోరాట చరిత్ర మన చరిత్రలో భాగము. 1978లో బెంగుళూరు నీటి సరఫరా కేసులో సుప్రీంకోర్టు విద్యాసంస్థ కూడ పరిశ్రమయేనన్నది. కాని 1988లో సుందరాంబాళ్ కేసులో ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికులు కారన్నది. పరిశ్రమ ఉన్నది, అందులో ప్రధానమైన పని చేసేవారు మాత్రం కార్మికులు కారు! 2004లో గ్రాట్యుయిటీ చట్టం క్రిందికి కూడ వారు రారని తీర్పు వచ్చినది. ఆ లోపాన్ని సరిదిద్దుతూ పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తింపజేసినది. బడి యాజమాన్యాలు దానిపై కోర్టుకెక్కగా 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించినది. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయులు నేటికీ వేలాది మంది ఉన్నారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా కాలాన బడులు మూతపడగా వారిలో అనేకులు కూరగాయలమ్మారు, ఉపాధి హామీ పనులకు వెళ్ళారు. తెలంగాణ ప్రభుత్వం 2021లో గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చినది. మన బిడ్డకు అక్షరం నేర్పినవాడు బియ్యం కొరకు వరుసలో నిలిచిన రోజులవి. అంతకు ముందు ఏళ్ళలో వసూలైన ఫీజులు ఏ పెట్టెలో ఉన్నవో అప్పుడు ఎవ్వరూ అడగలేదు. మనమూ అడగలేదు.

రాష్ట్రం వెలుపల ఉన్న సోదరులకు

సూరత్, భివాండి, షోలాపూర్‌ల మగ్గాల వద్ద, భిలాయ్ ఉక్కు కార్ఖానాలో, ఖరగ్‌పూర్ రైల్వేలో తరతరాలుగా తెలుగు కార్మికులు పని చేస్తున్నారు. వారికి ఈ సమస్య మరింత జటిలమైనది. చిన్న తరగతులు తెలుగులో చదివే వీలు కొన్ని చోట్ల ఉన్నను హైస్కూలుకు వచ్చేసరికి భాష మారవలసి వస్తుంది. ఆ మార్పు భయంతో ఇంగ్లీషు బోర్డు చూచి ఏదో ఒక ప్రైవేటు బడిలో పడవేస్తారు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీయో గుజరాతీయో, బడిలో అర్థం కాని ఇంగ్లీషు అయినప్పుడు తొమ్మిదవ తరగతిలో పిల్లవాడు మగ్గం వద్దకు రావడం ఆశ్చర్యం కాదు. రెండవ భాషగా తెలుగు ఉన్నదా, ఆ రాష్ట్ర భాషలోని ప్రభుత్వ బడి ఎట్లున్నది అన్నది ముందుగా చూడండి. చుట్టుపక్కల పిల్లల భాషలో సాగే బడిలో మన పిల్లలు త్వరగా కలిసిపోతారు.

మరొక హెచ్చరిక. తిరిగి స్వస్థలానికి వచ్చి కళాశాలలలో సీటుకో, ఉద్యోగానికో పోటీ పడేటప్పుడు స్థానికత ప్రశ్న వస్తుంది. రాజ్యాంగం 371-డి అధికరణం క్రింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు, పిల్లలు ఏ ప్రాంతంలో ఎన్నేళ్ళు చదివారన్న దానిని ముఖ్య ఆధారంగా తీసుకొంటున్నవి. 1975 నాటి ఉత్తర్వు తరువాత తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వు వచ్చినది. కనుక హైస్కూలు వెలుపల చదివించాలా, తాత అమ్మమ్మల వద్ద ఉంచి ఇక్కడ చదివించాలా అన్నది నిశ్చయించే ముందే ఆ నిబంధనలను తెలుసుకొనండి. స్టడీ సర్టిఫికెట్లను ఏటికేడు తీసుకొని భద్రపరచండి.

కొడుకుకు ఒక బడి, కూతురుకు ఒక బడి

దరఖాస్తు ఫారాలలో మేము గమనించిన మరొక సంగతి వ్రాయక తప్పదు. అప్పు ఎక్కువగా కొడుకు ఫీజుకే అడుగుతున్నారు. అదే ఇంటి కూతురు ప్రభుత్వ బడిలో చదువుతున్నది. ప్రభుత్వ బడి మంచిదనుకొంటే ఇద్దరూ అక్కడే చదవాలి. కాదనుకొంటే కూతురును అక్కడ ఎందుకు ఉంచినట్లు? ఈ ప్రశ్న వేసినప్పుడు మా మిత్రులు నవ్వి ఊరకుంటారు. ఆ నవ్వులో సమాధానం ఉన్నది, అది మనకు గౌరవప్రదమైనది కాదు.

మా కర్తవ్యం, మీ కర్తవ్యం

"ముందు ప్రభుత్వ బడిని బాగుచేయక ప్రైవేటు బడి ఎన్నికకు సలహాలు చెప్పడమేమి?" అని కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ సబబైనదే. 2015లో అలహాబాదు హైకోర్టు, ప్రభుత్వ ఖజానా నుంచి జీతం పొందే వారందరూ తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపేటట్లు చూడమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించినది. ఆ తీర్పు కాగితం మీదనే ఉండిపోయినది. కాని అందులోని సత్యం కాదనలేనిది. అధికారి బిడ్డ కూర్చోని బల్లకు మరమ్మతు జరగదు. మన బిడ్డలు విడిచి వచ్చిన బడికి కూడ అదే గతి పట్టినది. పదవ తరగతి మార్కులతో సీటు ఇచ్చే ట్రిపుల్ ఐటీలు 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయలలో వెలసినప్పుడు ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత అదనపు పరిగణన కల్పించారు. పల్లె పిల్లలు ఆ అవకాశాన్ని అందిపుచ్చుకొని నిలబడినారు. ప్రభుత్వ బడి చదువు పనికిరాదన్న మాట అబద్ధమని చెప్పడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కనుక మేము ప్రతి శాఖా సంఘానికి ఈ క్రింది పనులను సూచిస్తున్నాము. ఏ బడికైనా ఫీజు కట్టే ముందు మీ పేటలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ఒక పూట వెళ్ళి చూడండి. ఎన్ని ఖాళీలున్నవో, ఏ సబ్జెక్టులో ఉన్నవో ప్రధానోపాధ్యాయుని అడిగి వ్రాసుకొని రండి. వినికిడి మాటలతో దానిని కొట్టివేయకండి. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల ప్రభుత్వ బడులలో యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెప్పుచున్నది. ఆ స్థానాలను మన కుటుంబాలు నింపాలి. ఎయిడెడ్ బడులను కూడ మరచిపోకండి. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ బడుల అస్తిత్వానికే ముప్పు వచ్చినప్పుడు తల్లిదండ్రులు వీధికెక్కి నిలదీశారు. తక్కువ ఫీజుతో తరాలను చదివించిన బడులవి.

ప్రైవేటు బడికే వెళ్ళవలసి వచ్చినచో ఒంటరిగా వెళ్ళకండి. ఒక్క తండ్రి అడిగితే "ఇష్టముంటే చేర్చండి, లేకుంటే లేదు" అంటారు. ఒకే కాలనీ నుంచి ఇరవైమంది తల్లిదండ్రులు కలిసి వెళ్ళి గుర్తింపు ఉత్తర్వు, ఫీజుల పట్టిక, ఉపాధ్యాయుల జీతాల వివరం అడిగితే కుర్చీలు వేస్తారు. బేరమాడే శక్తి ఐక్యతలో ఉన్నదని మనకు ఒకరు నేర్పనక్కరలేదు. ఆ పాఠాన్ని కార్ఖానా గేటు వద్ద వదిలివేసి బడి గేటు వద్దకు ఎందుకు వెళ్ళాలి? ఆ బడి ఉపాధ్యాయులు, ఆయాలు, డ్రైవర్లు సంఘం పెట్టుకొంటామంటే మన కార్యాలయం తలుపు తెరచి ఉంచాలి. వారి సమ్మె రోజున "మా పిల్లల చదువు పాడవుతున్నది" అని యాజమాన్యం పక్షాన నిలిచే తల్లిదండ్రులలో మన సభ్యులు ఒక్కరూ ఉండరాదు.

విద్యాహక్కును ఎనిమిదవ తరగతి వద్ద ఆపక పన్నెండవ తరగతి వరకు పొడిగించాలన్నది మన కోర్కెల పత్రంలో జీతాల ప్రక్కనే ఉండవలసిన కోర్కె. మన జీతంలో పెరుగుదల ఏటా ఫీజు పెరుగుదలలో కలిసిపోతున్నప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూడడం పొరపాటు. యాజమాన్యంతో బల్ల ముందు కూర్చుని సాధించుకొన్న పెంపును జూన్ నెలలో మరో యాజమాన్యం కిటికీ వద్ద కట్టి వస్తున్నాము.

మా సహకార సంఘంలో మేము ఒక చిన్న మార్పు చేసుకొన్నాము. స్కూలు ఫీజు కొరకు అప్పు అడిగిన సభ్యుని దరఖాస్తుకు ఇప్పుడు మరో కాగితం జోడిస్తున్నాము. బడికి ఏ తరగతి దాకా గుర్తింపు ఉన్నది, పదవ తరగతి దాకా మొత్తం ఖర్చు ఎంత, ఉపాధ్యాయులకు ఎన్ని నెలల జీతం ఇస్తున్నారు అన్న మూడు ప్రశ్నలు అందులో ఉన్నవి. సమాధానం లేదని అప్పు నిరాకరించము. కాని అడిగి రమ్మని పంపుతాము. అడగడానికి వెళ్ళినవారిలో కొందరు బడి మార్చుకొన్నారు, కొందరు ప్రభుత్వ బడికి వెళ్ళి చూచి అక్కడే చేర్పించారు, కొందరు మొదటి బడిలోనే చేర్పించారు. ఎవరి నిర్ణయం వారిది. అయితే ఆ మెకానిక్కు సోదరుని వలె హాల్ టిక్కెట్టు చేతిలో పట్టుకొని బడి పేరు చూచి నిర్ఘాంతపోయే తండ్రి ఇక మన సంఘంలో ఉండరాదు. మా సంతకం మరోసారి కళ్ళు మూసుకొని పడరాదు. మీ సంఘాలలో కూడ ఆ కాగితాన్ని జోడించవలసినదిగా కోరుతున్నాము.